సూడి ఆవు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

"రెండో ఈతది సార్. నిండు సూడి. ఇయ్యాల్నో రేపో ఈనుతది. పూటకు ఆరు లీటర్లకు తక్వ ఇయ్యది. తన్నది, పొడ్వది. ఇగ మీ ఇష్టం."

అవతారిక

ఈ వాక్యం చేవెళ్ల దగ్గరి ఒక ఊళ్లో, పశువుల కొట్టం ముందు వెలువడినది. వక్త ఆవు గల రైతు. శ్రోత మొయినాబాద్‌లో తోట గల నగరవాసి, ఈ వ్యాఖ్యాతకు బావమరిది. వ్యాఖ్యాత ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడు. "నీకు పల్లెటూరి మాట తెలుసు గదా బావా" అని కారెక్కించుకుని తెచ్చినందున అక్కడ ఉన్నాడు.

సందర్భం: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాల నీరు కలుషితం కారాదని 1996లో వచ్చిన 111 జీవో ఎగువన ఉన్న 84 గ్రామాలలో కట్టడాలకు హద్దులు పెట్టెను. అందుచేత మేడలు లేవవలసిన చోట ఫాంహౌసులు లేచినవి. ఫాంహౌసు లేచిన చోట ముందు గేటు, పిదప కుక్క, పిమ్మట ఆవు వచ్చుట మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు వెంట ఆచారం. ఈ వాక్యం మూడవ దశకు చెందినది.

ప్రతిపదార్థం

రెండో ఈతది = రెండవ కాన్పుది. ఇచ్చట ఈత అనగా నీళ్లలో ఈదుట కాదు, కల్లు గీయు చెట్టు కాదు, ఈనుట. అయితే రెండుసార్లు ఈనినదా, రెండవసారి ఈనబోవునదా అన్న సంశయం కలదు. వక్త తీర్చడు. తీర్చవలసినది ఆవు నోరు. ఆవుకు ముందరి పండ్లు కింది దవడకే ఉండును. పైపెదవి ఎత్తి చూచిన మా బావమరిది "దీనికి పళ్లూడిపోయాయి" అని వెనుకకు గెంతెను. కింద రెండేళ్లు దాటిన పిమ్మట పాలపండ్లు రాలి జతలు జతలుగా పెద్ద పండ్లు వచ్చును. ఐదేళ్లు నిండు సరికి ఎనిమిదీ పూర్తి. జెర్సీ సంకరం మూడేళ్లకు అటూఇటూగా తొలిచూలు ఈనును. నాటు ఆవుకు నాలుగేళ్లు పట్టును. కావున రెండో ఈత జెర్సీ నోట ఆరో ఎనిమిదో కొత్త పండ్లు కనబడవలెను. ఈ ఆవు నోట ఎనిమిదీ ఉన్నవి, ఎనిమిదీ అరిగి ఉన్నవి.

రెండవ ప్రమాణం కొమ్ము. ఈతకొక చుట్టు చొప్పున కొమ్ము మొదట గీత పడునని పెద్దల లెక్క. అమ్ముడుపోవు ముందు ఆకురాయితో ఆ చుట్లను చదును చేయుట తాళపత్ర గ్రంథంలో పుటలు చింపుట వంటిది. ఈ ఆవు కొమ్ములు అద్దం వలె ఉన్నవి. కనుక "రెండో ఈత" అనగా "మా కొట్టంలో రెండో ఈత" అని లక్షణార్థం చెప్పుకొనవలెను.

నిండు సూడి = పూర్ణగర్భం గలది. సూడి, చూడి అని రెండు పాఠాలు. చూలు అనునది చుట్టం. ఆవు మోయునది సుమారు 280 రోజులు, అనగా తొమ్మిది నెలల తొమ్మిది రోజులు, మన ఆడవారి లెక్కే. బర్రె పది నెలల పది రోజులు మోయును. అందుకేనేమో ఆవును తల్లి అందురు, బర్రెను బర్రె అందురు.

సూడి అగుటకు ముందు సూది కలదు. ఆవు 21 రోజులకొకసారి ఎదకు వచ్చును. వచ్చిన ఎద ఒక పగలో ఒక రాత్రో మించి నిలువదు. పొద్దున అరిస్తే సాయంత్రం, సాయంత్రం అరిస్తే మరునాటి పొద్దున సూది వేయించవలెనని సూత్రం. సూది వేయ వచ్చు గోపాలమిత్ర తెచ్చు గొట్టంలో కోడె లేదు. సున్నాకు 196 డిగ్రీల దిగువన ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిన దాని వీర్యం కలదు. సూదిలోని దకారం సూడిలో డకారమగుట ఎట్లని వ్యాకర్తలు అడుగుదురు. దానికి మూడు నెలలు పట్టును. పశువుల డాక్టరు మోచేతి దాకా తొడుగు వేసి లోపల తడిమి చెప్పిన పిమ్మటనే సంధి సిద్ధించినట్లు. 21వ రోజున ఆవు మరల అరిచెనా, సంధి జరుగలేదు. సూది ఖర్చు మాత్రం జరిగినది.

ఇయ్యాల్నో రేపో = వికల్పం. దీనికి కాలనియమం లేదు. కోర్టు వాయిదా వంటిది. లక్షణాలు మాత్రం కలవు: పొదుగు బిగియును, తోక మొదట ఇరువైపులా గుంటలు పడును, తీగ జారును, ఆవు మేత విడిచి గుంజ చుట్టూ తిరుగును. ఇదే మొయినాబాద్ మండలంలోని చిలుకూరులో కోరిక కోరువారు 11 ప్రదక్షిణలు, తీరినవారు 108 చేయుదురు. ఆవుకు సంఖ్యానియమం లేదు, కోరిక ఒక్కటే.

ఈనుతది = దూడను కనును. ముందు ఉమ్మనీటి తిత్తి, వెనుక రెండు ముంగాళ్లు, వాటిపై ఆనించిన ముట్టె కనబడినచో శుభం. ఒక్క కాలే కనబడినను, తోక ముందు కనబడినను డాక్టరుకు ఫోను. పిమ్మట మాయ. శంకరుల మతంలో మాయ అనాది. కొట్టంలో మాయకు గడువు పన్నెండు గంటలు. అంతలో పడనిచో డాక్టరు రావలెను. వేలాడు మాయకు రాయి కట్టి లాగుట కొందరి సంప్రదాయం. అది చీల్చును, మోక్షమీయదు.

పూటకు ఆరు లీటర్లు = ఈనిన తొలి రెండు నెలల మాట. పిదప తగ్గును, మరల ఈనుటకు రెండు నెలల ముందు పిండుట మానవలెను. వక్త ఏ పూట అన్నాడో గమనింపదగును.

తన్నది = తన్నదు అని ఈ ప్రాంతపు వ్యతిరేకార్థం. "తన్నినది" అని కూడా చెవికి సోకును. రెండవ అర్థం పాలు పిండుటకు కూర్చున్నప్పుడు స్ఫురించును. శ్లేష.

పొడ్వది = పైదే.

పూర్వపక్షం

ఇచ్చట శ్రోత ఫోనులో లెక్క తీసెను. "ఏటికొక దూడ బావా. దూడ మూడేళ్లకు మళ్లీ ఈనుతుంది. పదేళ్లకు మంద. ఇంకా కవలలు పుడితే?"

సిద్ధాంతం

ఆవు ఈతకు కనునది ఒక్క దూడ. కవలలు నూటికి ఒకటి రెండు ఈతలలోనే. అందునా కోడెతో కలిసి పుట్టిన పెయ్య పదింట తొమ్మిది గొడ్డుపోవును. కడుపులో ఇద్దరి నెత్తురు కలిసి కోడె గుణం పెయ్య గర్భసంచిని ఎదుగనీయదు. కావున కవల వరం కాదు, పాలు పంచుకొను చిక్కు.

ఏటికొక దూడ అనుటకు 365లో 280 తీసివేయుడు: 85 మిగులును. ఈనిన 85 రోజులలో ఆవు కోలుకొని, ఎదకు వచ్చి, మీ కంటబడి, సూది నిలువవలెను. ఒక్క ఎద తప్పిన 21 రోజులు పోవును. తోటకు ఆదివారమే వచ్చు యజమాని ఆవు మంగళవారం అరుచును. ఎన్ని ఈతలు ఈనుననగా, చక్కగా మేపిన నాటు ఆవు ఎనిమిదో పదో ఈనుట ఊళ్లో గొప్పగా చెప్పుకొందురు. ఐర్లండులో బిగ్ బెర్తా అను ఆవు 39 దూడలను కని, 49 ఏళ్లు నిండబోవుచు 1993లో కాలం చేసెను. లోకంలో అట్టిది ఒకటి కలదు గనుకనే దాని పేరు మనకు తెలిసినది.

అధ్యాహారం

మూలంలో లేని పదమును అర్థం కొరకు తెచ్చుకొనుట అధ్యాహారం. ఈ వాక్యంలో ఒక పదం లోపించినది: పెయ్యనా, కోడెనా? పుట్టు దూడలలో సగం కోడెలు. నాగలి, బండి ఉన్న నాడు ఈ పదమే వాక్యానికి మొదట ఉండెడిది. కోడె పుట్టిన ఇంట రెండేళ్లలో కాడి సిద్ధమగునని సంతోషించెడివారు. ట్రాక్టరు వచ్చినది, పదం రాలిపోయినది. ఇప్పుడు పదింట తొమ్మిది పెయ్యలే పుట్టునట్లు వేరుచేసిన వీర్యం కూడ దొరుకును. రైతు చెప్పడు, కొనువాడు అడుగడు. మా బావమరిది మందలో కూడ ఒక్క కోడె లేదు. నేను ఫోనులోకి తొంగి చూచితిని.

అన్వయం

ఆవు వచ్చినది. ఇయ్యాల ఈనలేదు, రేపు ఈనలేదు. పదకొండవ రాత్రి ఈనెను. ఒక్కటే దూడ. తెల్లవారి మా చెల్లెలు గిన్నె పట్టుకొని జున్నుకు వచ్చెను. ఇచ్చట వ్యాఖ్యాత మొదటిసారి గొంతు పెంచవలసివచ్చినది. ఆవు కడుపులో ఉన్నప్పుడు దూడకు రోగం తట్టుకొను శక్తి అందదు, జున్నుపాలతోనే అందును. పుట్టిన గంట రెండు గంటలలో మొదలుపెట్టి, దాని బరువులో పదో వంతు తాగించవలెను. ఒక దినం గడిచిన పిమ్మట ఎంత తాగినను ఆ శక్తి దానికి ఒంటబట్టదు. దూడ తాగగా మిగిలినదే జున్ను.

పిమ్మట బావమరిది వంగి చూచెను. కోడె. వెంటనే రైతుకు ఫోను చేసి, "దీన్నేం చేయాలి?" అని అడిగెను. అటునుంచి వచ్చిన సమాధానంతో మూలంలోని చివరి పదానికి, నేను ఆనాడు మర్యాదమాటగా వదిలివేసిన పదానికి, టీక పూర్తి అయినది.

"ఇగ మీ ఇష్టం సార్."

తాత్పర్యం

ఆవును చూసి కొనవచ్చును; దూడలను లెక్కించి కొనరాదు.

ఫలశ్రుతి

ఈ వాక్యం చెవిన పడినవారు కింది దవడ పండ్లు చూడవలెను, కొమ్ము తడుమవలెను, డాక్టరు ఇచ్చిన సూడి కాగితం అడుగవలెను, రెండు పూటలు ఎదుట పాలు పిండించుకొనవలెను. కోడె పుట్టినను సాకుదునని కొట్టం గడప దాటక ముందే అనుకొనవలెను. అట్లు అనుకొనలేనివారికి పాల ప్యాకెట్టు శ్రేయస్కరం.