పోటీ చేయడం లేదు, చేపలు తినడానికొచ్చాను

అమెరికాలో ఒక గవర్నరు "నేను అధ్యక్ష పదవికి పోటీ చేయడం లేదు" అన్నారంటే ముందు అడగాల్సింది ఒకటే: ఎక్కడ నిలబడి అన్నారు? సొంత రాష్ట్రంలో, సొంత ఆఫీసు మెట్ల మీద అంటే నమ్మినా నమ్మొచ్చు. దక్షిణ కరోలినాకి వెళ్లి అక్కడ అన్నారంటే మాత్రం మనసులో ప్రమాణ స్వీకారం రిహార్సల్స్ మొదలైనట్టే.

మేరీలాండ్ గవర్నరు వెస్ మూర్ గారు 2025 మే ఆఖరులో అక్కడికే వెళ్లారు. డెమొక్రాట్ల విందులో ప్రసంగించారు. కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ పెట్టే పేరుమోసిన చేపల వేపుడు విందుకీ వెళ్లారు. 2028 పోటీలో లేనని మాత్రం ఎవరడిగినా చెబుతూనే ఉన్నారు. చేపల కోసమే అయితే అంత దూరం పోనక్కర్లేదు. మేరీలాండ్‌కి చీసపీక్ బే ఉంది, పీతలంటే అమెరికా అంతా ఆ రాష్ట్రం పేరే చెబుతారు. కాకపోతే 2020లో జో బైడెన్‌ని పాడె మీంచి లేపి కూర్చోబెట్టిన ఓట్లు దక్షిణ కరోలినావి. 2024లో డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీల వరసలో మొదటి పీట వేసిందీ ఆ రాష్ట్రానికే. ఆ చేపలకున్న రుచి వేరు మరి. మిన్నెసోటా గవర్నరు టిమ్ వాల్జ్ గారికీ సరిగ్గా ఆ వారాంతంలోనే అక్కడ పని పడింది.

కాలిఫోర్నియా గవర్నరు గావిన్ న్యూసమ్ గారు జులైలో అదే రాష్ట్రంలో పల్లెటూళ్లు తిరిగారు. కాలిఫోర్నియాలో పల్లెటూళ్లు అయిపోయాయి కాబోలు. ఇల్లినాయ్ గవర్నరు ప్రిట్జ్‌కర్ గారిది హయత్ హోటళ్ల కుటుంబం. దేశంలో ఎక్కడైనా సొంత గది దొరికే మనిషి, ఏప్రిల్లో ఏరికోరి, ప్రైమరీల వరసలో ముందుండే న్యూహాంప్‌షైర్‌లోనే పార్టీ విందు ప్రసంగం ఒప్పుకున్నారు. బైడెన్ దగ్గర రవాణా మంత్రిగా చేసిన పీట్ బుటిజెజ్ గారు మే నెలలో అయోవాలో సభ పెట్టారు, అదీ గడ్డంతో. సభలో ఆయనేం మాట్లాడారన్నది పక్కకి పోయి, గడ్డం మీద చర్చ మొదలైంది. శ్రామిక ఓటర్ల కోసం పెంచారని కొందరు, ఉపాధ్యక్షుడు వాన్స్‌కి ఉంది కాబట్టి డిబేట్‌లో సరిపోతుందని కొందరు. అమెరికా గడ్డమున్న మనిషిని అధ్యక్షుడిగా ఎన్నుకోవడం 1888లో బెంజమిన్ హారిసన్‌తోనే ఆఖరు. ఒక మనిషి నాలుగు రోజులు గీసుకోవడం మానేస్తే నూట ముప్పై ఏళ్ల చరిత్ర తవ్వాల్సిన ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందా?

మిషిగన్ గవర్నరు గ్రెచెన్ విట్మర్ గారిది ఇంకో కథ. 2025 ఏప్రిల్లో తన రాష్ట్రం పనుల మీద వైట్ హౌస్‌కి వెళ్లారు. ట్రంప్ గారు సంతకాలు చేస్తూ కెమెరాలని లోపలికి పిలిచేసరికి, ఆవిడ చేతిలో ఉన్న ఫైళ్లని ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ క్షణం ఫొటోకి చిక్కింది. ఇన్నేళ్లూ ముందు వరసలో ఉన్న నాయకురాలు ఒక్క ఫైలు ఎత్తడంతో వెనక వరసలోకి వెళ్లిపోయారని పండితులు తేల్చేశారు. ఆ ఫైళ్లలో ఏముందని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

తిరుగుళ్లు చాలనివాళ్లకి పుస్తకాలున్నాయి. 2024 జులై 21న బైడెన్ తప్పుకున్నాక ప్రచారానికి తనకి మిగిలిన రోజుల లెక్కనే పేరుగా పెట్టి కమలా హారిస్ గారు "107 డేస్" వేశారు. మొదట తన మనసులో ఉన్న ఉపాధ్యక్ష అభ్యర్థి బుటిజెజ్ అనీ, ఆయన స్వలింగ సంపర్కుడు కావడంతో తనలాంటి అభ్యర్థికి ఆ జోడీ మరీ సాహసమవుతుందని వెనక్కి తగ్గాననీ రాశారు. రేపటి పోటీదారుని ఒకే పేరాలో ఆకాశానికెత్తి, అక్కడే వదిలేయడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆ పేజీ చదవాలి. పెన్సిల్వేనియా గవర్నరు జోష్ షాపిరో గారూ, న్యూసమ్ గారూ కూడా ఆత్మకథల బాట పట్టారు. పోటీ చేసేవాళ్లు పుస్తకం రాస్తారన్నది నిజమే. బరాక్ ఒబామా 2006 జనవరిలో టీవీలో సెనేట్‌లో పూర్తికాలం ఉంటానని, 2008లో పోటీ చేయనని చెప్పారు. అక్టోబరులో పుస్తకం వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ చలిలో నిలబడి పోటీ ప్రకటించారు.

ఇదంతా చూస్తుంటే ఉగాది నాటి పంచాంగ శ్రవణమే గుర్తొస్తుంది. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. అభ్యర్థులకి ఇంతకన్నా చక్కటి కొలత ఎవరూ కనిపెట్టలేదు. ఉదాహరణకి టెక్సస్ మాజీ గవర్నరు జాన్ కానలీ, 1980లో రిపబ్లికన్ టికెట్ కోసం దిగారు. వ్యయం కోటీ పది లక్షల డాలర్లు, రాజపూజ్యం ఒక్క డెలిగేటు. జెబ్ బుష్ గారి జాతకం ఇంకా ఘనం. 2015 మొదటి ఆరు నెలల్లోనే ఆయన వెనకున్న బృందం ఆదాయం పది కోట్ల డాలర్లు దాటింది, చివరికి రాజపూజ్యం నాలుగు. 2007లో చాలాకాలం జాతీయ సర్వేల్లో రుడీ జూలియానీ గారిదే అగ్రస్థానం. 2008 జనవరి దాటకముందే ఒక్క రాష్ట్రమూ గెలవకుండా ఇంటికెళ్లారు. డెమొక్రాట్లకీ గ్రహాలేం అనుకూలం కాదు. 2003 చివర్లో నామినేషన్ దాదాపు చేతిలో ఉందనిపించుకున్న హోవర్డ్ డీన్ అయోవాలో మూడోస్థానంలో పడ్డారు. ఆ రాత్రి ఆయన పెట్టిన కేక ఒక్కటే ఇప్పుడు జనానికి గుర్తుంది.

మరి బైడెన్? 2020లో అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో అయిదో స్థానం. పండితులు సంతాప సందేశాలు రాసేసుకున్నారు. ఫిబ్రవరి 29న దక్షిణ కరోలినా గెలిచారు, మూడు రోజులకి సూపర్ ట్యూస్‌డే కూడా. పండితులు ఆ సందేశాలు మడిచి జేబులో పెట్టుకుని, "మేం ముందే చెప్పాం కదా" అని అదే కుర్చీల్లో అదే టై కట్టుకుని కూర్చున్నారు. నాకున్న అసలు బాధ ఇక్కడే. సిద్ధాంతిగారు వచ్చే ఉగాదికి కూడా అదే ఊళ్లో, అదే గుళ్లో, అదే జనం ముందు కూర్చోవాలి. వానలన్నారు, చినుకు పడలేదు, ఏమంటారు స్వామీ అని వెనక బల్ల నుంచి ఎవరో ఒకరు అడుగుతారు. టీవీ పండితుడిని అడిగేవాడు లేడు. జోస్యం తప్పితే కొత్త జోస్యం చెప్పడానికి మళ్లీ పిలుస్తారు, పారితోషికంతో సహా.

ఊహాగానం ఎంత దూరం పోగలదో 1991 డిసెంబరు 20న చూడాల్సింది. న్యూహాంప్‌షైర్ ప్రైమరీకి పేరిచ్చుకోడానికి ఆ రోజే ఆఖరు, ఫీజు వెయ్యి డాలర్లు. న్యూయార్క్ గవర్నరు మారియో క్యూమో కోసం ఆల్బనీలో విమానం సిద్ధం చేసిపెట్టారు. బయల్దేరుతున్నారు, లేదు, ఇంకా ఆలోచిస్తున్నారు. చివరికి ఆయన విమానం దగ్గరికి కాకుండా మైకు దగ్గరికి వచ్చి, రాష్ట్ర బడ్జెట్ తేలలేదు కాబట్టి పోటీ లేదన్నారు. నెలల తరబడి ఆయన మనసు చదివిన రాతలన్నీ ఆ విమానంతోపాటే నేల మీద ఉండిపోయాయి. టికెట్టూ, ఏడాది తిరక్కుండానే గెలుపూ ఆర్కన్సా గవర్నరు బిల్ క్లింటన్ పట్టుకుపోయారు.

మా బావమరిది డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. వాడికి ఓటు లేదు. హెచ్1బీ మీదే ఇన్నేళ్లూ గడిచాయి, గ్రీన్ కార్డు క్యూ కదిలితే ఒట్టు. అయినా డెమొక్రాట్లు టికెట్ ఎవరికివ్వాలో అర్ధరాత్రి దాకా వాట్సాప్ గ్రూపులో తేలుస్తుంటాడు. "బావా, రాసిపెట్టుకో, న్యూసమే" అన్నాడు సంక్రాంతికి ఫోన్ చేసి. పండగ వెళ్లాక షాపిరో అన్నాడు. మొన్న న్యూసమ్ అన్నావు కదరా అంటే, "అది అప్పటి సర్వే ప్రకారం బావా" అన్నాడు. వీడిని సీఎన్ఎన్ వాళ్లు ఎందుకు పిలవలేదో నాకు అర్థం కాదు. అర్హతలన్నీ ఉన్నాయి.

ఆ గ్రూపులో జనానికి పార్టీలతో పెద్ద పేచీ లేదు. అవతల రిపబ్లికన్లు వాన్స్‌ని నిలబెడితే ఆయన భార్య ఉష మన చిలుకూరి వారమ్మాయి, తణుకు దగ్గర వడ్లూరు మూలాలు. 2024లోనే ఆ ఊరికి టీవీ కెమెరాలు వెళ్లొచ్చాయి, రోడ్డు బాగుపడిందో లేదో తెలీదు. ఇవతల డెమొక్రాట్లలో మనవాళ్లెవరని వెతికితే మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరు అరుణా మిల్లర్ దొరికారు. హైదరాబాద్‌లో పుట్టారు. ఆ పుట్టుక వల్లే అధ్యక్ష పదవికి రాజ్యాంగం ఒప్పుకోదు. అంతమాత్రాన మనవాళ్లు లెక్క ఆపుతారా? గ్రూపులో ఒక సీనియర్ ఇంజనీరు ఫ్లోచార్టు గీసి పెట్టారు. మూర్ గారు 2026 నవంబరులో గవర్నరుగా మళ్లీ గెలవాలి. పోటీ లేదన్న మాట తప్పాలి. దక్షిణ కరోలినా చేపలు ఫలించాలి. న్యూసమ్, హారిస్, ప్రిట్జ్‌కర్, షాపిరో, గడ్డంతోగానీ గడ్డం లేకుండాగానీ బుటిజెజ్, అందరూ ఓడాలి. తర్వాత 2028 నవంబరు 7న వడ్లూరు అల్లుడు కూడా ఓడాలి. అప్పుడు మూర్ గారు వాషింగ్టన్ వెళతారు, ఖాళీ అయిన మేరీలాండ్ గవర్నరు కుర్చీలో మన ఆడపడుచు కూర్చుంటారు.

దాని కింద మా బావమరిది బొటనవేలు గుర్తు పెట్టాడు. వడ్లూరు వైపు బంధుత్వమున్న ఒకాయన మాత్రం గ్రూపు వదిలి వెళ్లిపోయారు.