రెండు మార్కుల ప్రశ్న

"కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి?" అని పిల్లల్ని అడిగి అడిగి, వాళ్ల జవాబులు దిద్ది దిద్ది రిటైరైనవాణ్ని నేను. సూక్ష్మ రంధ్రాలు, బాష్పీభవనం, గుప్తోష్ణం. ఈ మూడింట్లో ఏది తగ్గినా అర మార్కు కోసేసేవాణ్ని. అలాంటి నేను మొన్న ఎండాకాలం మా ఇంటి రంజన్‌కు ఎనామిల్ పెయింట్ వేశాను.

రంజన్ అంతకు ముందు ఏడాది కొన్నది. బోరునీళ్ల ఉప్పు పైకి తేలి ఒంటినిండా తెల్ల చారలు కట్టింది. గేటుకు వేయగా మిగిలిన రంగు డబ్బాలు మేడమీద ఉన్నాయి. చేర్యాల బొమ్మల్లాగా ఎర్రటి నేల మీద పెళ్లి ఊరేగింపు వేద్దామని కూర్చున్నాను.

"తాగే నీళ్ల కుండకు రంగులేమిటండీ?" అంది మా ఆవిడ.

"ఐరేని కుండలకు వెయ్యరా? బోనం కుండను ముస్తాబు చెయ్యరా?"

"వాటిల్లో నీళ్లు పోసుకుని తాగుతామా?" అని లోపలికి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగినా పరువు దక్కేది. పాతకాలంలో ఐరేని కుండలకు పూసింది సున్నం. దాంట్లోంచి తడి బయటికి వస్తుంది. నేను పూసింది నూనె రంగు, అదీ ప్రైమర్ మీద రెండు కోటింగులు. గుర్రం కాస్త గాడిదలా వచ్చింది కానీ, వచ్చినవాళ్లకల్లా కుండ చూపించాకే మంచినీళ్లు ఇచ్చేవాణ్ని.

ఆ నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. నిజానికి లెక్క తేలికే. కుండ చెమర్చి ఆవిరైపోయే ప్రతి గ్రాము నీరూ దాదాపు 580 కేలరీల వేడిని లాక్కుపోతుంది. పది లీటర్లలో వంద గ్రాములు అలా పోతే, బయటి వేడి సంగతి పక్కన పెడితే, ఐదారు డిగ్రీలు దిగాలి. నల్లబల్ల మీద నేనే వేసిన లెక్క ఇది. అయినా కుండను ఇసుక మీదికి మార్చాను, కిటికీ పక్కకు జరిపాను, మూత మార్చాను. రంగు మీదికి మాత్రం బుద్ధి పోలేదు.

వారం తిరక్కుండానే పెళ్లికొడుకు తలపాగా మీద శనగగింజంత బొబ్బ లేచింది. గుండుసూదితో గుచ్చితే చుక్క నీరు జారింది. గోటితో గీరితే తలపాగాతో పాటు గుర్రం చెవి కూడా పొరలా ఊడొచ్చింది. దాని వెనక తడి మట్టి, పిండిలా ఉప్పు. బయటికి రావాలని నీరు లోపల్నుంచి తోస్తోందని ఎనిమిదో తరగతి పిల్లాడైనా చెప్పేవాడు. నేను మాత్రం మట్టిలో లోపముందని తీర్మానించి, కుండను స్కూటర్ మీద పెట్టుకుని, అమ్మినావిడ మీదికి పోట్లాటకు బయల్దేరాను.

ఆవిడ కుండను అటూ ఇటూ తిప్పి చూసింది. "కుండకు చెమట పట్టాలె సారూ. మీరేమో రెయిన్‌కోటు తొడిగిండ్రు" అంది. పాత కుండకైతే కన్నాలు ఉప్పుతో పూడుకుపోతాయట, అందుకే జనం ఏటేటా కొత్తది కొంటారట. "గిండ్ల నీళ్లు పోయకుండ్రి, ఎండు పూలు పెట్టుకోండ్రి" అని సలహా కూడా ఇచ్చింది. "సారు ఏం పని చేస్తరు?" అని అడిగింది. బ్యాంకులో అన్నాను.

ఫిజిక్సు అనడానికి నోరు రాలేదు. పక్కింటివాళ్లకని చెప్పి ఇంకో రంజన్ కొన్నాను, బేరం కూడా ఆడకుండా. ఇంటికొచ్చి మా ఆవిడతో, "తప్పు ఒప్పుకుని ఊరికే మార్చి ఇచ్చింది" అన్నాను. ఆవిడ నమ్మింది. ఈ పత్రికకు చందా కట్టేది కూడా ఆవిడే.