ఎవరి చేత?

తెలుగు మీడియం పిల్లాడి నోట వచ్చే మొదటి ఇంగ్లీషు వాక్యం ‘మేకమిన్ సార్’. రెండోది, చిటికెన వేలు పైకెత్తి, ‘మే ఐ గో అవుట్’. ఇందులో ‘మే’ విడిగా ఒక మాట అనీ, దాన్ని మోడల్ వెర్బ్ అంటారనీ తెలిసేసరికి హైస్కూలు సగం గడిచిపోతుంది. ఈలోగా మాకు అర్థమైంది ఒకటే: ఇంగ్లీషు అంటే గుమ్మం దగ్గర నిలబడి పెద్దవాళ్ళ అనుమతి అడిగే భాష. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు కూడా ఈ అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం నాకు రాలేదు.

మా జిల్లా పరిషత్ బడిలో ఇంగ్లీషు మాస్టారు పాసివ్ వాయిస్‌ను రామాయణంతో ఎత్తుకునేవారు. రాముడు రావణుణ్ణి చంపెను. రావణుడు రాముని చేత చంపబడెను. అంతవరకు ధర్మమే గెలిచింది. మర్నాడు అసలు కిటుకు చెప్పారు. చేసినవాడెవరో తెలియకపోతే సరే, తెలిసినా చెప్పడం ఇష్టం లేకపోతే, ‘బై’ని దాని వెనకున్న మనిషితో సహా ఎగరగొట్టవచ్చు. రావణుడు చంపబడెను. అంతే, ఫుల్‌స్టాప్. రాముడు కేసులోంచి బయటపడ్డాడు. మేం దీన్ని పబ్లిక్ పరీక్షలో మార్కుల కోసం బట్టీ పట్టాం గానీ, మాకు నేర్పుతున్నది పరిపాలన అని ఎవరూ చెప్పలేదు.

నిజానికి ఈ విద్య తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. కరెంటు తీసేశారు, రోడ్డు తవ్వేశారు, పింఛను ఆపేశారు అంటాం. ఎవరు? ఎవరో, వాళ్ళే. ఆ ఎవరో తెలియకపోయినా వెనకాల ‘రు’ తగిలించి మర్యాద మాత్రం ఇస్తాం. నిన్న వేసిన రోడ్డును ఇవాళ తవ్విన మహానుభావుణ్ణి ‘తవ్వేశాడు’ అనడానికి నోరు రాదు మనకి.

ఉత్తరాలు రాసే పాఠం వచ్చినప్పుడు మాస్టారు పుస్తకం మూసేసి, బడి ముందు పారే మురుగు కాల్వ గురించి అర్జీ రాయమన్నారు. ఉన్నవాటిలో నయంగా ఉన్నదాన్ని నిజంగానే పోస్టులో వేశారు. చిత్రం, జవాబొచ్చింది. ఒకే వాక్యం: ‘నెసెసరీ యాక్షన్ విల్ బి టేకెన్’. ఆయన ఆనందం చూడాలి. దాన్ని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, “చూశార్రా, ఇందులో మోడల్ ఉంది, పాసివ్ ఉంది, భవిష్యత్తూ ఉంది. లేనిది కర్త ఒక్కడే” అన్నారు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, “మరి కాల్వ, సార్?” అన్నాడు. “అది సిలబస్‌లో లేదు, కూచో” అన్నారు.

మోడల్స్‌ను ఆయన బలాన్ని బట్టి వరసగా నిలబెట్టేవారు. అందరికన్నా నీరసం మైట్, ఆపైన మే, ఆపైన షుడ్, మస్ట్. చట్టంలో షల్ అని పడిందా, ఇక తిరుగులేదనేవారు. పాపం, రాజ్యాంగం చదివినట్టు లేరు. 1950లో అమల్లోకి వచ్చిన ఆ పుస్తకంలో 45వ అధికరణం, పద్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి పదేళ్ళలోగా ప్రభుత్వం ప్రయత్నించాలంది. షల్ దిట్టంగానే ఉంది. దాని పక్కన ‘ప్రయత్నం’ కూడా ఉంది. పదేళ్ళు 1960లో నిండాయి. చదువును ప్రాథమిక హక్కు చేస్తూ 2002లో సవరణ వచ్చింది. దాని తాలూకు చట్టం అమలు కావడానికి 2010 దాకా ఆగాలి, అదీ ఏప్రిల్ 1న. ఆ ముహూర్తం ఎవరి చేత పెట్టబడెనో!

ఇంకో ముచ్చట ఉంది. ప్రభుత్వోద్యోగి మీద క్రమశిక్షణ చర్యల విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను ‘షల్ బి కన్సల్టెడ్’ అని 320వ అధికరణం చెబుతుంది. మా మాస్టారి రెండు పాఠాలూ ఒకే కాన్పులో పుట్టాయన్నమాట. 1957లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ షల్ తప్పనిసరి షల్ కాదనీ, కమిషన్‌ను అడగనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదనీ తేల్చింది. సందర్భాన్ని బట్టి ‘మే’ను ‘షల్’గా చదువుకోవాలని చెప్పిన తీర్పులూ ఉన్నాయి. కోర్టువారికి కారణాలుంటాయి, కాదనను. మా పరీక్షలో మాత్రం అలా రాసినవాడికి సున్నా పడేది.

అందుకని పాఠకులకు ఒక మనవి. ‘తగు చర్యలు తీసుకొనబడును’ అన్న కాగితం మీ ఇంటికి వస్తే బీరువాలో దాచకండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, మహా అయితే ఓ 10 రూపాయలు కట్టి, ‘ఎవరి చేత?’ అని అడగండి. పేరు, హోదా, ఫైలు ఇప్పుడు ఎవరి బల్ల మీదుందో రాసివ్వమనండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా ఆ సమాచార అధికారికే జరిమానా వేయాలని 20వ సెక్షన్ అంటోంది. ఇంతకాలానికి ఒక వాక్యంలో మనిషి దొరికాడు. కాకపోతే ఆ ‘వేయాలి’ అన్నచోట చట్టంలో ఉన్నది కూడా షల్లే.