వేసవిలో పిల్లలకు ఏమీ నేర్పకండి

ఏప్రిల్ ఆఖరి వారంలో బడులకు సెలవులిచ్చేసరికి ప్రతి వీధి మలుపులోనూ సమ్మర్ క్యాంపు బ్యానర్లు వెలుస్తాయి. అబాకస్, రోబోటిక్స్, చేతిరాత, కరాటే, అన్నిటికీ కలిపి ఒకే ఫీజు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే మాలాంటి కుటుంబాలకు ఇంకో రకం ఒత్తిడి. "మీకు వేరే సెలవులెందుకు, ఏడాదంతా సెలవులేగా" అంటారు చుట్టాలు. ఆ మాట పడలేక నడి మే నెలలో కూడా లెక్కల పుస్తకం తెరిపించే అమ్మానాన్నలు నాకు చాలామంది తెలుసు. వాళ్లకీ, సెలవుల్లో పిల్లలతో ఏం చెయ్యాలో పాలుపోని మిగతావాళ్లకీ కలిపి ఈ సలహాలు రాస్తున్నాను. వినగానే ఇవన్నీ తలకిందులుగా తోస్తాయి. మా ఇంట్లో వేసవి ఇలాగే గడుస్తుంది. మీ ఇంట్లోనూ ఇలాగే గడవాలని నా కోరిక.

టైంటేబుల్ తీసెయ్యండి

వేసవికి టైంటేబుల్ మనం వెయ్యక్కర్లేదు, ఎండే వేస్తుంది. తెల్లవారుజామున 5 గంటలకు లేచి, ఎనిమిదిన్నర లోపు బయట తిరుగుళ్లన్నీ ముగించుకోవాలి. ఆ తర్వాత సాయంత్రం అయిదు దాకా నీడపట్టున ఉండాలి. మధ్యాహ్నం భోజనం కాగానే పెద్దా చిన్నా అందరూ పడుకోవాలి. మిగతా వేళల్లో పిల్లలు ఏం చేస్తున్నారని అడగకండి. "తోచడం లేదమ్మా" అంటే "అలాగా" అని ఊరుకోండి. తోచకపోవడం కొంతసేపే ఉంటుంది. ఆ కొంతసేపూ మనం ఓర్చుకోలేక ఫోను చేతిలో పెట్టేస్తాం. అక్కడే పాడవుతుంది అంతా.

ఎండ విషయంలో మాత్రం మెత్తబడకండి. మే 25 నుంచి రెండు వారాలు రోహిణి కార్తె. వడదెబ్బ ప్రాణం తీస్తుంది. పిల్లవాడు తల తిరుగుతోందన్నా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆస్పత్రికి తీసుకుపోవాలి. మజ్జిగ కుండ, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.

ఒక్కరోజు మిట్టమధ్యాహ్నం పిల్లల్ని డాబా ఎక్కించండి

పైన చెప్పిన నియమానికి ఏడాదిలో ఒకే ఒక్క మినహాయింపు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన దేనికీ పక్కకు నీడ పడదు. మన దేశంలో కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ప్రతి ఊరికీ ఇలాంటి రోజు ఏడాదికి రెండుసార్లు వస్తుంది: సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్నప్పుడొకసారి, తిరిగి వస్తున్నప్పుడొకసారి. హైదరాబాదుకు రెండోది ఆగస్టు మొదటి వారంలో. అప్పటికి మబ్బులు కమ్ముకుంటాయి కాబట్టి మే నెలదే నమ్మకమైనది. తిరుపతికి ఏప్రిల్ ఆఖరి వారంలో, విజయవాడకు మే మొదటి వారంలో, విశాఖపట్నానికి మే 10 దాటగానే ఈ రోజు వస్తుంది.

తలకు టోపీ, కాళ్లకు చెప్పులు, చేతిలో నీళ్ల సీసా. పావుగంట చాలు. ఒక పీవీసీ పైపు ముక్కను డాబా మీద నిలబెట్టండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే పైపు నిటారుగా ఉందో లేదో తెలిసిపోతుంది. పన్నెండింటికి పైపుకు పడమటి వైపు సన్నటి నీడ అంటుకుని ఉంటుంది. నిమిషం నిమిషానికీ అది లోపలికి ముడుచుకుంటూ పోతుంది. 12 నిమిషాలు దాటేవేళకు మాయమవుతుంది. అప్పుడు పిల్లల్ని పైపు బోలులోంచి కిందికి చూడమనండి. అడుగున గుండ్రంగా ఎండ పడి ఉంటుంది. మా చిన్నది ఆ ఎండ బిళ్లను చూసి, వెంటనే వెళ్లి పిట్టగోడ చూసింది, నీళ్ల ట్యాంకు చూసింది, చివరికి తన కాళ్ల కిందికి చూసుకుంది. నీడంతా పాదాల చుట్టూనే ఉంది. సూర్యుడి వంక నేరుగా చూడొద్దన్న హెచ్చరిక తప్ప నేను ఏ పాఠమూ చెప్పలేదు.

ఇక్కడితో ఆగిపోనక్కర్లేదు. తిరుపతిలో మీకెవరైనా ఉంటే ముందే ఫోన్ చేసి, అదే రోజు అక్కడి నడి మధ్యాహ్నం, అంటే 12 గంటల 9 నిమిషాలకు, ఒక మీటరు కర్ర నిలబెట్టి నీడ కొలవమనండి. ఆరున్నర సెంటీమీటర్ల నీడ పడుతుంది, అదీ దక్షిణం వైపుకు! సూర్యుడు అప్పటికే తిరుపతిని దాటి ఉత్తరానికి వచ్చేశాడు మరి. కాగితం మీద కర్రనూ నీడనూ స్కేలుకు గీసి కోణం కొలిస్తే మూడు ముప్పావు డిగ్రీలు వస్తుంది. చుట్టు మొత్తం 360 డిగ్రీలు కాబట్టి ఇది అందులో 96వ వంతు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాల దూరం అట్లాసులో చూస్తే సుమారు 415 కిలోమీటర్లు. దాన్ని 96తో హెచ్చవేస్తే భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. రెండువేల రెండువందల ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసిన పని ఇదే. నీడ కొలవడంలో అర సెంటీమీటరు తప్పితే జవాబు మూడువేల కిలోమీటర్లకు పైగా మారిపోతుంది. మొదటిసారి మా పిల్లలకు అలాగే మారిపోయింది. వచ్చే ఏడాది పొడుగు కర్ర పెట్టాలని వాళ్లే తేల్చుకున్నారు. పొడుగు కర్రయితే అంత తప్పు రాదని వాళ్లకు ఎలా తట్టిందో నేనడగలేదు.

పిట్టల పేర్లు చెప్పకండి

"అదేం పిట్ట నాన్నా?" అని అడిగితే పేరు చెప్పడం మన అలవాటు. పేరు వినగానే పిల్లలు తల తిప్పేసుకుంటారు. చూడవలసింది అయిపోయినట్టే. కూత వింటే పేరు చెప్పేసే ఫోను యాప్‌లు ఇప్పుడున్నాయి. పెద్దవాళ్లకు అవి బాగా పనికొస్తాయి, పిల్లలతో వెళ్లేటప్పుడు ఇంట్లో వదిలేసి వెళ్లండి. "ఏం చేస్తోంది చూడు" అనండి చాలు.

మేలో వేపచెట్టు మీద కాకులు గూడు పెట్టుకుంటాయి. మా వీధి చివర ఉన్న చెట్టు కింద పొద్దున్నే అరుగు మీద కూర్చుని చూడడం మా పెద్దవాడి పని. నల్ల కోయిల వచ్చి కూస్తుంది, కాకులు దాన్ని తరుముకుంటూ పోతాయి, ఆ సందులో ఒంటినిండా తెల్లచుక్కలున్న గోధుమరంగు పిట్టొకటి గూటిలో వాలుతుంది. ఆ చుక్కల పిట్ట ఆడ కోయిల అని వాడికి ఎవరూ చెప్పలేదు. నల్లదీ చుక్కలదీ జతేమో అని వాడికే అనుమానం వచ్చింది. ఎన్నో పొద్దులు కాపు కాసి ఖాయం చేసుకున్నాడు. ఆ తర్వాతే పుస్తకం తీసి చూపించాను. పాలపిట్ట సంగతీ ఇంతే. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో అనామకంగా ఉండి, ఎగిరినప్పుడు రెక్కల నీలం అంతా బయటపెడుతుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి అని తెలిసిన పిల్లలు చాలామంది. ఆ నీలం చూసిన పిల్లలు ఎంతమంది?

కత్తి చేతికివ్వండి

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు కూరగాయల కత్తి పట్టుకోవడం రావాలి. మనం పక్కనే కూర్చుంటే వస్తుంది. తాటికాయ తల కొట్టడం మాత్రం కొడవలి పనితనం తెలిసిన పెద్దవాళ్ల వంతు. బొటనవేలితో ముంజ తోడుకు తినేశాక మిగిలే బుర్రల్ని పారెయ్యకండి. రెండు బుర్రలకు నడిమి నుంచి పుల్ల గుచ్చి, పంగ కర్రతో తోసుకుంటూ పోతే బండి. ఆ పుల్ల ఎక్కడ గుచ్చాలో మీరు చూపించారా, బండి మీది అయిపోతుంది. వాళ్లనే గుచ్చనివ్వండి. ఒక పక్కకు గుచ్చితే బండి ఎగిరెగిరి పడుతుంది. తీసి మళ్లీ గుచ్చుతారు. మూడో బుర్రకో నాలుగో బుర్రకో చక్రానికి నడిమి ఎక్కడుంటుందో వేళ్లకే తెలిసిపోతుంది.

ఆవకాయ రోజున పిల్లల్ని వంటింట్లోంచి తరమకండి. ముక్కల్లోంచి జీడి తీసి, లోపలి పొర ఒలిచి, పొడిగుడ్డతో తుడిచే పని పూర్తిగా వాళ్లకే అప్పగించండి. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారింట్లో ఇప్పటికీ కొలతలు పాతవే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి ఎన్ని గిద్దలో పిల్లలు ఒకళ్లతో ఒకళ్లు వాదులాడుకుంటూ 64 దాకా వస్తారు. నాలుగు కొలతల ముక్కలకు కారం, ఆవపిండి ఒక్కో కొలత, ఉప్పు తలకొట్టిన కొలత. తడి చెయ్యి పెట్టొద్దంటే ఎందుకని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. జవాబు చెప్పకుండా రెండు చిన్న సీసాల్లో కాసిని ముక్కలు విడిగా పెట్టి, ఒకదాంట్లో చెంచాడు నీళ్లు పొయ్యనివ్వండి. కొద్దిరోజులకు దేనిమీద బూజు కడుతుందో వాళ్లే వచ్చి చెబుతారు.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నా సలహాలన్నీ మారిపోతాయి. ఈత వచ్చిన పెద్దమనిషి పక్కన లేకుండా పిల్లలు చెరువులోకి గానీ బావిలోకి గానీ దిగకూడదు. గట్టు మీద కూర్చుని చూస్తున్న పెద్దమనిషి లెక్కలోకి రాడు. ఏటా వేసవిలో ఎన్ని ఇళ్లు ఏడుస్తున్నాయో పేపరు చదివేవాళ్లకు తెలుసు. ఈత తప్పక నేర్పండి. ఈ వ్యాసం పేరుకు అదొక్కటే మినహాయింపు.

రాత్రి త్వరగా పడుకోబెట్టకండి

మధ్యాహ్నం నిద్రపోయిన పిల్లలకు రాత్రి పది దాకా నిద్ర రాదు, రానక్కర్లేదు. డాబా మీద చాపలు వెయ్యండి. మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన సప్తర్షులుంటారు. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని మినుకుమనే అరుంధతి. పెళ్లిలో ఆ చుక్కను పగలే చూపించి అయిందనిపించేస్తారు, నిజంగా కనబడే వేళ ఇది. ఇప్పుడు దక్షిణానికి తిరగండి. అడ్డంగా భవంతులు లేకపోతే, దిగంతానికి కాస్త పైన నాలుగు చుక్కల త్రిశంకు కనిపిస్తుంది. ఢిల్లీ పిల్లలకు అది నేలను ఆనుకుని ఉంటుంది కాబట్టి చూడడం దాదాపు అసాధ్యం. మన పిల్లలకు దొరికిన భాగ్యం, పోగొట్టకండి.

చూసినవన్నీ రాయించకండి. పొద్దున చూసిందానికి సాయంత్రం వ్యాసం అడిగితే, రేపటి నుంచి వాళ్లు వ్యాసానికి సరిపడేంతే చూస్తారు. రాయాలనిపించిన పిల్ల ఎలాగూ రాస్తుంది.

అందరూ తిరిగొచ్చాక బయల్దేరండి

జూన్ 12న బడులు తెరుస్తారు. ఇంట్లో చదివించేవాళ్లకు అసలు వేసవి అప్పుడే చేతికొస్తుంది. చినుకు పడ్డ నేల మీద, జూన్ 22 ప్రాంతంలో వచ్చే ఆరుద్ర కార్తెలో, ఎర్రటి పట్టు ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. తాటిమట్టలకూ తుమ్మకొమ్మలకూ గిజిగాళ్లు గూళ్లు అల్లడం మొదలుపెడతాయి. మగపిట్ట సగం గూడు అల్లి ఆపుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చకపోతే వెళ్లిపోతుంది, మగది మళ్లీ ఇంకో గూడు మొదలుపెడుతుంది. మిగతా పిల్లలంతా ఆ వేళకు క్లాసులో ఉంటారు.

ప్రయాణాలు కూడా అప్పుడే పెట్టుకోండి. మేలో రామప్ప వెళితే రాళ్ల మీద కాలు పెట్టలేరు. జూలైలో ఒక మంగళవారమో బుధవారమో వెళ్లండి. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. గోపురంలో వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలికైనవి. ఇవేవీ ముందే చెప్పి పిల్లల్ని అలసిపోనివ్వకండి. స్తంభాల మధ్య కూర్చుని, పైకి చూసే తీరిక వాళ్లకివ్వండి. ప్రశ్నలు వాళ్ల దగ్గర్నుంచి రానీండి.

ఇక పరీక్షల భయం. ఇంట్లో చదివే పిల్లలు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన పరీక్షలు రాసుకోవచ్చు. అవి రాయకపోయినా, పద్నాలుగేళ్లు నిండితే నేరుగా పదో తరగతి పరీక్షకు చేరవచ్చు. మీ పిల్లకు ఇప్పుడు తొమ్మిదేళ్లయితే చేతిలో అయిదేళ్లున్నాయి. లెక్కల పుస్తకాన్ని ఈ వేసవికి అటక మీద పెట్టెయ్యండి, రేపు పొద్దున్నే అయిదింటికి పిల్లను నిద్ర లేపండి.