నా పేరు చెప్పండి

మా రాజమండ్రిలో ఒకరికి ఒక కొట్టు పేరు చెప్పడమంటే బ్యాంకులో జామీను సంతకం పెట్టినట్టే. అప్పు తీసుకున్నవాడు హాయిగా తిరుగుతుంటాడు, నోటీసు మాత్రం మనింటికొస్తుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఊరుకోరు. దేవీచౌక్‌లో ఎవరో కొత్తమనిషి ఇంకెవర్నో పట్టుకుని "ఇక్కడ మిక్సీలు బాగుచేసేవాళ్ళెక్కడండీ?" అని అడుగుతుంటాడు. సంబంధం లేని ఓ పెద్దమనిషి స్కూటరాపి, స్టాండేసి, హెల్మెట్టు తీసి మరీ చెప్తాడు. "ఆయ్, తిన్నగా వెళ్ళి ఎడంచేతి వైపు తిరగండి. మొదటి కొట్టు కాదండోయ్, అది వద్దు. రెండోది." ఆ మొదటి కొట్టువాడితో ఈయనకున్న తగాదా ఏమిటో కొత్తమనిషికి తెలీదు. మా ఊళ్ళో "నాకు తెలీదండి" అనడం కన్నా తప్పుదారి చూపించడమే మర్యాద.

పేరు చెప్పిన మరుక్షణం ఆ కొట్టు మనదైపోతుంది. లాభంలో కాదు, నష్టంలో. మా పిన్నికి ఓసారి ఒక టైలర్ని చెప్పాను. అప్పటిదాకా ఆయనకో పేరుండేది, కొట్టుకో బోర్డుండేది. జాకెట్టు చేతులు బిగుతుగా వచ్చిన సాయంత్రం నుంచీ మా చుట్టాలందరికీ ఆయన "మనవాడు చెప్పిన టైలరు". ఆ తర్వాత పిన్నికి ఆయన కుట్టిన జాకెట్లన్నీ చక్కగా అమిరాయి. దానికి కారణం మాత్రం పిన్ని ఇచ్చిన ఆది జాకెట్టట. మా ఆవిడ ఈ చిక్కుల్లో పడదు. "మంచి టైలరెవరమ్మా?" అని ఎవరైనా అడిగితే, "మా ఆయన్నడగండి, ఆయనకన్నీ తెలుసు" అంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను పొగిడే సందర్భం ఇదొక్కటే.

అందుకని అనుభవజ్ఞులు ముందు ప్రమాదం లేని పేర్లు చెప్తారు. వీటిల్లో మొదటిది మెయిన్ రోడ్డులో రోజ్ మిల్కు. గులాబీరంగు పాలు, నుదురు జివ్వుమనే చల్లదనం, తాగి గ్లాసు అక్కడ పెట్టి రావడం. అంతే వ్యవహారం. మే నెలలో రాజమండ్రి ఎండ తిన్నవాడెవడూ దానికి వంక పెట్టలేడు. హైదరాబాదు నుంచొచ్చిన మా బావగారూ పెట్టలేకపోయారు. గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, నావైపు తీక్షణంగా చూసి, "ఇంత బాగుంటే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు బావా?" అన్నారు. సరుకులో లోపం దొరక్కపోతే చెప్పినవాడిలో వెతుకుతారన్నమాట.

ఇంకా క్షేమమైనవి, చుట్టాలు వెళ్ళని చోట్లు. ముప్ఫై ఏళ్ళైనా నిండకుండా 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరున మా ఊళ్ళో ఆర్ట్ గ్యాలరీ ఉంది. "తప్పకుండా చూడాల్సిందే" అని నేను ప్రతిసారీ చెప్తాను. "తప్పకుండా" అని వాళ్ళూ ప్రతిసారీ అంటారు. గౌతమీ గ్రంథాలయం గురించి చెప్పినా అదే శ్రద్ధ. ఈ రెండింటి మీదా నాకు ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు రాలేదు.

రత్నం పెన్నుల సంగతి వేరు. మా ఊరి సిఫార్సుల్లో అంత బరువైంది ఇంకోటి లేదు, ఎందుకంటే మాకన్నా ముందు దాన్ని గాంధీగారు చేశారు. స్వదేశీ రోజుల్లో కోసూరి వెంకటరత్నం గారు ఇక్కడ తయారుచేసిన పెన్ను పంపితే, 1935లో గాంధీగారు ఉత్తరం రాశారు. వాడి చూశానని, బజారులో కనిపించే విదేశీ పెన్నులకి బదులుగా బాగానే ఉన్నట్టుందని దాని సారాంశం. గమనించండి, ముందు వాడి చూశారు. తర్వాత "ఉన్నట్టుంది" దగ్గర ఆగారు. మాలాగా "కళ్ళు మూసుకుని కొనెయ్యండి, బాగోకపోతే నన్నడగండి" అనలేదు. ఎంతైనా బారిస్టరు. పూచీ ఎంతవరకు పడాలో తెలిసిన మనిషి.

ఎబొనైటు కడ్డీని లేతు మీద పెట్టి చేత్తో మలిచే పెన్నులవి. పాతకాలపు రకంలో ఇంకు నేరుగా గొట్టంలోకే పోసుకోవాలి. అమెరికాలో ఉండే మా మేనల్లుడికి ఒకటి ఇప్పించాను. మురిసిపోయాడు. అక్కడికెళ్ళాక ఫోన్ చేశాడు. "మావయ్యా, పెన్ను అద్భుతంగా ఉంది. కానీ దీంతో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. సంతకాలు కూడా ఫోన్లోనే వేలితో గీకేస్తాం." పెన్ను చెప్పినవాణ్ణి కనక విషయం కూడా నేనే చెప్పాలన్నమాట. మీ అమ్మకి ఉత్తరం రాయరా అన్నాను.

ఇక తినుబండారాలు. ఆత్రేయపురం పూతరేకుల గురించి అడగని చుట్టం లేడు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండ మీద అలా లాగి తీస్తే రెప్పపాటులో రేకు లేస్తుంది. ఆ పనితనం చూసి నోరు వెళ్ళబెట్టినవాళ్ళు, నోరు మూయగానే అడిగేది ఒకటే ప్రశ్న: "వీటిల్లో అసలైన కొట్టు ఏది?" ప్రతి బోర్డు మీదా అసలైనదనే ఉంటుంది. 2023లో పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది ఆత్రేయపురం పేరునే వచ్చింది, ఏ ఒక్క కొట్టు పేరునా కాదు. ఊరి పేరు చెప్పి ఊరుకోవడంలోని సుఖం ప్రభుత్వానికి తెలిసినంతగా నాకు తెలియలేదు.

మా ఊరి సిఫార్సుకి ఒక ముగింపు వాక్యం ఉంటుంది: "నా పేరు చెప్పండి." ఇది అనకపోతే చిరునామా చెప్పిన తృప్తే ఉండదు. ధర తగ్గిస్తాడని, వరసలో ముందుకు జరుపుతాడని, వీలుంటే టీ తెప్పిస్తాడని దీని అర్థం. ఇందులో ఒకే చిక్కుంది, కొట్టువాళ్ళకి మన పేర్లు తెలీవు.

తాడితోట బట్టల బజారు పెద్దది. చుట్టుపక్కల ఊళ్ళ వ్యాపారులు టోకున కొనుక్కెళ్ళేది అక్కణ్ణుంచే. అందులో నేను ఏళ్ళ తరబడి వెళ్ళే కొట్టొకటుంది. అక్కడికి మా వదినని పంపాను. ఆవిడ నా పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. యజమాని ఆలోచించాడు. గుమస్తాని పిలిచాడు. గుమస్తా ఆలోచించాడు. ఇక లాభం లేదని వదిన వర్ణనకి దిగింది. "బట్టతల, చేతిలో గుడ్డసంచీ, మొత్తం బీరువా దింపించి..." గుమస్తా మొహం వెలిగిపోయింది. "ఓహో, 'మళ్ళీ వస్తానండి' గారా! ఆయన మీకేమవుతారమ్మా?" మరిది అని చెప్పగానే చీరలు చూపించడం కొంచెం తగ్గించారట. ధర మాత్రం తగ్గించలేదట. గాంధీగారి ఉత్తరం ఉన్నా పెన్ను ఊరికే ఇవ్వరు, నా మొహానికి చీర ఎవడు తగ్గిస్తాడు?

ఊరు దాటితే కడియం, కడియపులంక. రోడ్డుకి అటూ ఇటూ ఊళ్ళకి ఊళ్ళే నర్సరీలు. ఒక్క గులాబీ మొక్క కోసం దిగినవాళ్ళు, కారులో పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియనన్ని కుండీలతో తిరిగొస్తారు. గోదావరి మట్టిలో, గోదావరి గాలికి పెరిగిన ఆ మొక్కని తీసుకెళ్ళి కూకట్‌పల్లిలో ఏడో అంతస్తు బాల్కనీలో పెడతారు. అది వాడిపోయిన రోజున నాకు వీడియో కాల్ వస్తుంది. ఫోను మొక్క వైపు తిప్పి "చూడు" అంటారు. చూస్తాను. మొక్క కూడా తలకాయ వేలాడేసి నన్నే చూస్తున్నట్టుంటుంది, నువ్వే కదా చెప్పావు అని.

డాక్టర్ల దగ్గరికొచ్చేసరికి భాష మారిపోతుంది. డిగ్రీలు ఎవరూ చెప్పరు. "హస్తవాసి మంచిది" అంటారు. అంతకు మించిన బిరుదు "ఊరికే టెస్టులు రాయడు". మా వీధిలో ఒకాయన ఏ జబ్బు చెప్పినా ఒకే డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారు. మోకాలు నొప్పన్నా ఆయనే, కళ్ళు మసకలన్నా ఆయనే. వెళ్ళినవాళ్ళంతా డాక్టరు చాలా మంచివాడని, ఓపిగ్గా విన్నాడని చెప్తారు. ఇంతకీ ఆయన పళ్ళ డాక్టరు.

అన్నిటికన్నా పెద్ద పూచీ వానాకాలంలో వస్తుంది. సముద్రంలో ఉండే ఇలస, వరదకి ఎర్రబడ్డ గోదావరిలోకి ఎదురీదుకుంటూ వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత పుట్టిన నేల ఇది. చేప ఒక్కోటి వేలల్లో పలుకుతుంది. ఎక్కణ్ణుంచో లారీలో వచ్చిన ఇలస కూడా బుట్టలోకి చేరగానే పులసనైపోయానంటుంది. "నమ్మకంగా ఎవరి దగ్గర దొరుకుతుందండీ?" అని అడిగి చూడండి. మిక్సీ కొట్టుకి దారి చూపించిన ఆ స్కూటరు పెద్దమనిషి కూడా హెల్మెట్టు పెట్టేసుకుంటాడు. పులస విషయంలో పేరు చెప్పినవాడు బేరంలో మధ్యవర్తి, చేప వయసుకి సాక్షి, గొంతులో ముల్లు గుచ్చుకుంటే ముద్దాయి. పోనీ అసలైనదే ఇప్పించామనుకోండి. మట్టిదాకలో సన్నసెగ మీద పులుసు పెట్టి, ఒక రాత్రి ఆగి తినాలి. వీళ్ళు ఆగరు. పొయ్యి మీంచి దింపీ దింపకముందే తినేసి "మామూలు చేపలాగే ఉందే" అంటారు. పాపం, అంత దూరం ఎదురీదిన దాని కష్టమంతా నీళ్ళపాలు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అందరూ అందరికీ చెప్పేవే. ఊళ్ళో నిజంగా మంచి పనివాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. రోజ్ మిల్కు ఊరందరికీ చెప్పినా మన గ్లాసు మనకుంటుంది. ప్లంబరు అలా కాదు. ఉన్నది ఒక్క మనిషి, రెండు చేతులు. అతన్ని నలుగురికి చెప్తే, మనింట్లో పైపు పగిలిన రోజున అతను ఆ నలుగురిలో ఒకరింట్లో ఉంటాడు. మా పక్కింటాయన దగ్గర అలాంటివాడున్నాడు. వస్తానన్న వేళకి వస్తాడు, పానా తనే తెచ్చుకుంటాడు, పని కాగానే చెత్త ఊడ్చి మరీ వెళ్తాడు. నేను గోడమీంచి అన్నీ గమనించాను. మా కుళాయి కారడం మొదలెట్టాక, వెళ్ళి అడిగాను.

"ఉన్నాడండి. మంచివాడే," అన్నారాయన. "కానీ ఫోనెత్తడు."

నేను కదల్లేదు.

"ఎత్తినా రాడండి."

ఇంకా కదల్లేదు.

"వచ్చినా... ఎందుకులెండి, మీకు నచ్చదు."

అంత పనికిరానివాణ్ణి ఈయన ఇన్నేళ్ళుగా ఎందుకు పిలుస్తున్నాడని నేనడగలేదు. మర్యాద కాదు. పైగా కిందటి పెళ్ళిళ్ళ సీజన్లో మా వంటమేస్త్రి గురించి ఆయన వాకబు చేసినప్పుడు, "ఉప్పు ఓ పలుకు ఎక్కువేస్తాడండి" అని నేనూ ఎంతో విచారంగా చెప్పాను. మా ఊళ్ళో పనివాడి గొప్పతనం తెలియాలంటే అతన్ని పొగిడేవాళ్ళని లెక్కపెట్టి లాభం లేదు. ఎవరు రోజూ తిడుతూ కూడా మార్చడం లేదో కనుక్కోవాలి.

ఇన్ని నోటీసులు అందుకుంటూ మళ్ళీ మళ్ళీ సంతకం ఎందుకు పెడతామంటే, దాని రుచి దానికుంది. బావగారు రోజ్ మిల్కు తాగి కళ్ళు మూసుకున్నప్పుడు, పాలు నేనే పితికి, ఐసు నేనే గడ్డకట్టించినట్టు తల వంచుకుని నిలబడ్డాను. మేనల్లుడు నిజంగానే ఆ పెన్నుతో మా అక్కకి ఉత్తరం రాశాడు. ఆవిడ దాన్ని ఇరుగూపొరుగూ అందరికీ చదివి వినిపించి, చివర్న "పెన్ను మా తమ్ముడే ఇప్పించాడు" అంటోంది. పైసా పెట్టుబడి పెట్టకుండా ఊళ్ళో నాకిన్ని వ్యాపారాలు. రాజమండ్రిలో పుట్టినవాడెవడూ పేదవాడు కాడు.

2027లో గోదావరి పుష్కరాలు. పన్నెండేళ్ళకోసారి నదిలో మునగడానికి వచ్చే చుట్టాలు, మధ్యలో ఎక్కడ తినాలి, ఏం కొనాలి, ఎవరి దగ్గర కుట్టించాలి అని అప్పుడే ఫోన్లు మొదలెట్టారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇదంతా రాశాను. రోజ్ మిల్కు తాగండి. పెన్ను కొనుక్కోండి. దామెర్ల బొమ్మలు ఈసారైనా చూడండి. తాడితోటలో నా పేరు చెప్పకండి.

ప్లంబరా? ఎట్టకేలకి నాకూ ఒకడు దొరికాడండి. మంచివాడే. కానీ ఫోనెత్తడు.