తలనీలాలపాటి చేయని లీగు

కొండ మీద కల్యాణకట్టలో గుండు చేయించుకుని, తల తడుముకుంటూ బయటికొచ్చిన భక్తుడు ఆ జుట్టు సంగతి మళ్లీ తలచుకోడు. దేవస్థానం తలచుకుంటుంది. పొడుగును బట్టి రకాలు విడగొట్టి ఈ-వేలానికి పెడుతుంది. వ్యాపారులు పోటీపడి పాడుకుంటారు, కోట్లు జమవుతాయి.

2025 నవంబరులో ఇంకో టెండరు ముగిసింది. సరుకు: మన దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ, అనగా ఇండియన్ సూపర్ లీగ్. పదిహేనేళ్లపాటు దాని మీద వ్యాపారం చేసుకునే హక్కు ఇస్తాం, ఏడాదికి కనీసం 37.5 కోట్లు కట్టండి చాలు అంది ఫుట్‌బాల్ సమాఖ్య. నవంబరు 7తో గడువు తీరింది. పెట్టె తెరిచి చూస్తే ఒక్క బిడ్డూ లేదు. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశంలో, ఊడిన వెంట్రుకకున్న గిరాకీ ఉరికే బంతికి లేకపోయింది.

ఈ తతంగంలో తెలుగువాళ్ల పాత్ర లేదని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. బిడ్లు పరిశీలించే కమిటీకి పెద్ద సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, మనవారే. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు కొత్త రాజ్యాంగం ముసాయిదా రాసిందీ ఆయనే. సుప్రీంకోర్టు దాన్ని సెప్టెంబరులో ఆమోదించింది. ఆ విధంగా నవంబరు నాటికి ఆటకు రాజ్యాంగం ఉంది, కమిటీ ఉంది, కోర్టు తీర్పు ఉంది. ఆట ఒక్కటే తక్కువ.

అసలు కథ 2010లో మొదలైంది. ఏడాదికి 50 కోట్లు తీసుకుని సమాఖ్య తన వాణిజ్య హక్కులన్నీ పదిహేనేళ్లకు రాసిచ్చేసింది. అవి పుచ్చుకున్న రిలయన్స్ వారి సంస్థ 2014లో ఈ లీగు పెట్టింది. సినిమా తారలు, క్రికెట్ దేవుళ్లు వాటాదారులయ్యారు. పదిహేనేళ్ల గడువు ఎప్పుడు తీరుతుందో మొదటి రోజే కాగితం మీద ఉంది: 2025 డిసెంబరు 8. తర్వాత ఏమిటన్నది మాత్రం ఆఖరి ఏడాది దాకా ఎవరికీ తోచినట్టు లేదు. జూలైలో సంస్థవారు సీజన్ ఆపేస్తున్నాం అన్నారు. ఆగస్టులో చెన్నై, బెంగళూరు క్లబ్బులు జీతాలు ఆపేశాయి.

ఇక హైదరాబాద్. ఈ ఊరి ఫుట్‌బాల్ గురించి మాట్లాడేటప్పుడు కాస్త లేచి నిలబడాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతుల మీదుగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. అలాంటి ఊరికి సూపర్ లీగ్ జట్టు 2019లో గానీ రాలేదు. అదీ పుణె జట్టు మూతపడితే ఖాళీ అయిన చోట్లో. అయినా పౌరుషం చూపించింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ 1-1తో ముగిసి షూటౌట్‌కు పోతే, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి పారేశాడు. కప్పు మనదయింది. కరోనా పుణ్యాన మ్యాచులన్నీ గోవాలోనే జరిగాయి కాబట్టి, గచ్చిబౌలి అభిమాని ఆ వైభవాన్ని టీవీలోనే చూసుకున్నాడు.

ఆ తర్వాత జీతాలు అందలేదు, ఆటగాళ్లు తలోదారి పట్టారు. 2023-24లో సీజన్ మొత్తానికి ఒక్కటే గెలుపు, పట్టికలో అట్టడుగు. ఇంకో దేశంలోనైతే కింది లీగుకు దించేవారు. మన దగ్గర అప్పటికి దించడం అనే మర్యాదలేని పద్ధతి లేదు. ఆఖరున నిలిచినవాడు కూడా దర్జాగా అక్కడే ఉండేవాడు. కిందివాడు పైకి రావడమే కష్టం. 2024-25లో కింది లీగు ఎవరు గెలిచారో మన మైదానాల్లో తేలక, స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం చెప్పాల్సొచ్చింది. అట్టడుగు హైదరాబాదును మాత్రం ఎవరూ దించలేదు, అమ్మేశారు. కొన్న జిందాల్ వారు 2025 అక్టోబరులో దాన్ని ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టుకున్నారు. అభిమానులను ఇక్కడే వదిలి వెళ్లారు. బహుశా లగేజీ ఎక్కువవుతుందని.

ఆంధ్ర సంగతి ఇంకా సులువు, పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. శ్రీనిధి జట్టు విశాఖపట్నం పేరు మీద కింది లీగులో చోటు సంపాదించి, ఆడే వేళకు హైదరాబాద్‌లో తేలింది. సీమలో ఈ ఆటెక్కడిది అనేవాళ్లు ఒకసారి అనంతపురం వెళ్లి రావాలి. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్‌డీటీ సంస్థ మైదానాల్లో పల్లె పిల్లలు, ఆడపిల్లలు సైతం, బూట్లు బిగించి ఆడుతుంటారు. పెద్దయ్యాక ఏ జట్టుకు ఆడతావమ్మా అని మాత్రం అడక్కండి.

అయితే ఫుట్‌బాల్ మీద ప్రేమ లేదా అంటే, ఉంది. డిసెంబరు 8న ఒప్పందం చచ్చిపోయింది కదా, సరిగ్గా ఐదు రోజులకు, 13న, మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం కిక్కిరిసింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ తొడుక్కుని దిగారు. క్లబ్బు లేని నగరంలో, లీగు ఆగిపోయిన దేశంలో, క్రికెట్ మైదానంలో ఫుట్‌బాల్‌కు జరిగిన ఆ పట్టాభిషేకం కన్నులపండువగా ఉంది. అదే రోజు కోల్‌కతాలో మెస్సీ సరిగ్గా కనబడలేదని జనం సీసాలూ కుర్చీలూ విసిరారు. మనం మర్యాదస్తులం.

జనవరి వచ్చేసరికి సునీల్ ఛెత్రి, గుర్‌ప్రీత్ లాంటి ఆటగాళ్లు వీడియో పెట్టి, ఆదుకోమని ఫిఫాను వేడుకున్నారు. 6వ తేదీన కేంద్ర క్రీడా మంత్రి మన్‌సుఖ్ మాండవీయ శుభవార్త చెప్పారు: ఫిబ్రవరి 14న లీగు మొదలు, 14 జట్లు, 91 మ్యాచులు. అంటే ఒక్కో జట్టుతో ఒక్కసారే. జుట్టు లెక్కన చూస్తే ఇది కురచ రకం. తర్వాతి టెండరేదో మా తిరుపతిలో వేలం చూసే గుమస్తాలకు అప్పగిస్తే, రకం కట్టి, రేటు చెప్పి, సాయంత్రానికి పాట ముగిస్తారు.

ఈలోగా మా వైపు వాళ్లకు ఇబ్బందేమీ లేదు. తిరుపతిలో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై జట్టు, చిత్తూరులో బస్సెక్కితే బెంగళూరు జట్టు. 2018 మార్చిలో ఆ రెండే ఫైనల్ ఆడాయి, బెంగళూరు గడ్డ మీదే చెన్నై 3-2తో గెలిచింది. కురచ సీజన్ ప్రకటన వచ్చిన రోజు చిత్తూరులో ఉండే మా బావమరిదికి ఫోన్ చేశాను.

"ఈసారి ఏ పక్కరా నువ్వు? చెన్నైయా, బెంగళూరా?"

"ముందు వాళ్లను ఆడనీ బావా. ఆటగాళ్లకు జీతాలొచ్చినాయంటే చెప్పు, అప్పుడు చూద్దాం యా పక్కో."