ఓడీలో ఉన్నాడు సార్!

ఎంబీఏ కాలేజీలో హాజరు పిలుస్తుంటే ప్రతి సెక్షన్‌లోనూ ఒక నంబరు దగ్గర 'ప్రెజెంట్ సార్' వినపడదు. అలాగని నిశ్శబ్దమూ ఉండదు. వెనక బెంచీల్లోంచి నలుగురైదుగురు ఒక్క గొంతుతో "ఓడీలో ఉన్నాడు సార్!" అంటారు. ఓడీ అంటే ఆన్ డ్యూటీ. ఎన్నికల సిబ్బందికో, ట్రాఫిక్ కానిస్టేబుల్‌కో ఉండాల్సిన ఈ హోదా ఇరవై రెండేళ్ల విద్యార్థికి ఎలా దక్కిందా అని కొత్తగా చేరిన లెక్చరర్లు మొదటి వారం ఆశ్చర్యపోతారు. నెల తిరిగేసరికి ఆ గడి దగ్గరికి రాగానే తలెత్తకుండా 'ఓడీ' అని రాసుకుపోతారు. నేనూ ఆ బాపతే.

ఆ గడిలో ఉండాల్సిన మనిషే కోఆర్డినేటర్. దేనికి కోఆర్డినేటర్ అని అడగకండి. ఫ్రెషర్స్ డేకి, మేనేజ్‌మెంట్ మీట్‌కి, రక్తదాన శిబిరానికి, బతుకమ్మకి, ఇండస్ట్రియల్ విజిట్‌కి, యోగా దినోత్సవానికి, గెస్ట్ లెక్చర్‌కి, గెస్ట్ రాకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియకుండా చూడటానికి. పాఠానికి తప్ప అన్నిటికీ అతనే.

మనిషిని పోల్చుకోవడం తేలిక. మెడలో రెండు ట్యాగులుంటాయి. ఒకటి కాలేజీ ఐడీ కార్డుది. రెండోది ఎప్పుడో జరిగిపోయిన మీట్‌లో ఇచ్చిన 'ఆర్గనైజర్' ట్యాగు, అది మాత్రం తియ్యడు. మిగతావాళ్లకి బ్లేజరు సోమవారం శిక్ష. అతను మార్చి ఎండలో కూడా ఇష్టంగా తొడుక్కుంటాడు. చంకలో ఫ్లెక్సీ చుట్ట, చెవి దగ్గర ఒక ఫోను, చేతిలో ఛార్జింగ్ అయిపోయిన ఇంకో ఫోను. ఏ పని గురించి అడిగినా జవాబు ఒక్కటే: "అయిపోతది సార్." అయిందని అనడు, కాలేదనీ అనడు. హాలు బుక్ అయిందా? అయిపోతది సార్. మైకు? అయిపోతది సార్. నీ మినీ ప్రాజెక్టు? అదే చిరునవ్వు, అదే సమాధానం.

ఐసెట్‌లో తప్పు రాస్తే మార్కులు పోవన్న ఒక్క రహస్యం తెలుసుకుని, రెండున్నర గంటల్లో చెయ్యాల్సిన 200 ప్రశ్నల్ని ముప్పావుగంటలో ముగించి బయటికొచ్చిన ఘనుడు. అలాంటివాణ్ని కాలేజీ ఎందుకు నెత్తిన పెట్టుకుంటుందంటే, దానికి కాలేజీ లెక్కలు వేరే ఉన్నాయి. కాలేజీ నాణ్యతని అంచనా వేసే నాక్ బృందం వచ్చినప్పుడు పాఠాలు ఎంత బాగా చెప్పారన్నది ఫోటో తీసి చూపించలేం. విద్యార్థులు మొక్కలు నాటారన్నది చూపించొచ్చు. అదీ జియో ట్యాగ్ ఫోటో అయితేనే చెల్లుతుంది. కింద మూలన తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం పడాలి. జియో ట్యాగ్ పడని కార్యక్రమం జరగనట్టే లెక్క. మా ప్రహరీ పక్కన ఒక గొయ్యి ఉంది. ఏటా వనమహోత్సవం రోజున అందులో ఒక మొక్క నాటుతారు. మూడేళ్ల ఫోటోల్లో ముఖాలు మారాయి, ప్రిన్సిపల్ మారారు, అక్షాంశ రేఖాంశాలు మాత్రం దశాంశ స్థానాలతో సహా ఒకటే. నాక్ వాళ్లు ఆ అంకెలు చదవరన్నది కోఆర్డినేటర్ సొంత పరిశోధనలో తేలిన విషయం.

డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఎసరు, పరీక్షకీ ఎసరు. అరవై అయిదు దాటితే కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. అతనికి ఆ ఖర్చు కూడా లేదు, ఓడీలే గట్టెక్కిస్తాయి. ఎప్పుడైనా నేను నిలదీస్తే 2020 జాతీయ విద్యావిధానం బయటికి తీస్తాడు. పాఠ్యాంశాలకీ, పాఠ్యేతర కార్యకలాపాలకీ మధ్య గట్టి గోడ ఉండకూడదని అందులో ఉన్న మాట నిజమే. అంత పెద్ద పత్రంలో అతను చదివింది ఆ ఒక్క వాక్యం. గోడని పాఠం వైపుకే కూల్చేశాడు.

కమిటీ సంగతి ముక్తసరిగా చెబుతాను, ఎందుకంటే కమిటీ చేసేదీ ముక్తసరే. 1965లో బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, జట్టు అన్నది కలవడం, కొట్లాడుకోవడం, సర్దుకోవడం, పనిచెయ్యడం అనే నాలుగు దశలు దాటుతుందని చెప్పాడు. మా కమిటీ మొదటి దశలో టీషర్టులు కుట్టిస్తుంది. రెండో దశలో టీషర్టు వీపు మీద ఎవరి పేరుండాలని కొట్లాడుకుంటుంది. ఈలోగా మీట్ వచ్చేస్తుంది. వాట్సాప్‌లో 'కోర్ టీమ్' అని ఒక గ్రూపు, 'కోర్ టీమ్ ఫైనల్' అని ఒకటి, 'హెచ్‌ఓడీ సార్ లేని కోర్ టీమ్' అని ఇంకొకటి. పని జరిగేది మూడోదాంట్లో. దాని పేరు నాకెలా తెలిసిందంటే, పొరపాటున దాని స్క్రీన్‌షాట్ రెండోదాంట్లో పెట్టారు.

అసలు విద్యంతా స్పాన్సర్‌షిప్‌లో ఉంది. సంక్రాంతి సెలవులు అవగానే బ్రోచరు తయారవుతుంది. అందులో ప్లాటినం, గోల్డ్, సిల్వర్. ప్లాటినం లక్ష రూపాయలు. మా కాలేజీలో ప్లాటినం కొన్న మహానుభావుడు ఇంతవరకూ పుట్టలేదు. పుడతాడని అతనూ అనుకోడు. పైన లక్ష కనపడితేనే కింద పదివేలు చవగ్గా అనిపిస్తాయని ఆ అంకె అక్కడ పెట్టాడు. ఈ కిటుకుని నేను 'యాంకరింగ్' అన్న పేరుతో రెండు పీరియడ్లు చెబుతాను. ఆ రెండింటికీ అతను ఓడీ.

ఒకసారి కాలేజీ ఎదురుగా ఉన్న బిర్యానీ హోటల్లో చాయ్ తాగుతుంటే బేరం కళ్లారా చూశాను.

"అన్నా, మా కాలేజీల రెండువేల మంది పోరగాళ్లున్నరు. అందరు నీ హోటల్ ముంగట్నుంచే పోతరు."

"పోతరు గద తమ్మీ, లోపలికైతే ఒస్తలేరు."

"గందుకే చెప్తున్న. స్టేజి మీద నీ హోటల్ పేరు పదిసార్లు చెప్పిస్త. ఇరవై వేలియ్యి."

"పైసల్లేవు. నలభై బిర్యానీలిస్త."

"ఎనభై చెయ్యన్నా. చీఫ్ గెస్టును నీ హోటల్‌కే తోలుకొస్త, ఫోటో దిగుతవు."

"ఏ చీఫ్ గెస్టు?"

"అయిపోతది అన్నా."

అరవై అయిదు దగ్గర తెగింది. హోటల్ 'ఫుడ్ పార్టనర్' అయింది. నీళ్ల క్యాన్లు వేసే ఆయన 'హైడ్రేషన్ పార్టనర్'. టెంట్ హౌస్ 'ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ పార్టనర్'. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెట్టే మిత్రుడు 'మీడియా పార్టనర్'. గేటు పక్కన రెడీమేడ్ ప్రాజెక్టు రిపోర్టులు బైండింగు చేసిచ్చే జిరాక్సు షాపు 'నాలెడ్జ్ పార్టనర్'. ఈ చివరిదాంట్లో అబద్ధం లేదు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

తర్వాత ఫ్లెక్సీ. ఆర్గనైజేషన్ చార్టు అంటే బోర్డు మీద గీసే డబ్బాలు, గీతలు అని నేననుకుంటాను. అసలు చార్టు ఫ్లెక్సీ మీద ఉంటుంది. చైర్మన్ గారి ఫోటో ఎంత, సెక్రటరీ హోదాలో ఉన్న వారి సతీమణి ఫోటో ఎంత, అమెరికాలో ఉంటూ వైస్ చైర్మన్‌గా సేవలందిస్తున్న అబ్బాయి ఫోటో ఎంత, పాపం ప్రిన్సిపల్ ఫోటో ఎంత, ఇవన్నీ అంగుళాల లెక్కన అతనికి కంఠతా వచ్చు. ఒక ఏడు డిజైన్ చేసే కుర్రాడు నిద్రమత్తులో ప్రిన్సిపల్ ముఖాన్ని వైస్ చైర్మన్ ముఖం కన్నా కాస్త పెద్దది చేసేశాడు. రాత్రి పదకొండింటికి అది ప్రింటై బయటికొచ్చింది. కోఆర్డినేటర్ షాపులో స్టూలు వేసుక్కూర్చుని, చాయ్ తెప్పించి, ఓనరుకి ఇద్దరు ఉమ్మడి మిత్రుల పేర్లు చెప్పి, రెండో ప్రింటుకి సగం రేటే ఇచ్చి ఒంటిగంటకి బయటపడ్డాడు. పెద్ద ప్రిన్సిపల్ ఉన్న ఫ్లెక్సీని పారెయ్యలేదు. ప్రిన్సిపల్ గారి గది ఎదురుగా కట్టించాడు, వైస్ చైర్మన్ ఎలాగూ ఆ వైపు రాడు. ఫ్రాన్స్‌కి చెందిన హెన్రీ ఫయోల్ 1916లో రాసిన పద్నాలుగు సూత్రాల్లో ఒకటి, ఒక ఉద్యోగికి ఒక్కడే పై అధికారి ఉండాలని. మా కోఆర్డినేటర్‌కి ఆరుగురు. ఫయోల్ వచ్చి ఈ కాలేజీలో ఒక్క మీట్ జరిపిస్తే పద్నాలుగు సూత్రాలూ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లేవాడు.

మీట్ రోజు మహా వైభవం. బీదర్ నుంచి ఒక్క జట్టు వచ్చినా అది 'నేషనల్ లెవెల్'. యాడ్‌జాప్, బిజినెస్ క్విజ్, బెస్ట్ మేనేజర్, ట్రెజర్ హంట్. చీఫ్ గెస్ట్ పదింటికి రావాలి; పన్నెండయినా ఔటర్ రింగ్ రోడ్డు మీదే ఉంటారు. జ్యోతి ప్రజ్వలనకి నూనె ఉంటే అగ్గిపెట్టె ఉండదు, అగ్గిపెట్టె దొరికేసరికి ఫ్యాను ఆపాలి, ఫ్యాను స్విచ్చి ఉన్న గది తాళం అటెండర్ దగ్గర, అటెండర్ భోజనానికి. ప్రార్థన పాడాల్సిన అమ్మాయి గొంతు పట్టేసింది. హాలు వెనక సగం ఖాళీ. అతను ఫస్టియర్ వాళ్లని తోలుకొచ్చి, సర్టిఫికెట్లు చివర్లో ఇస్తామని ప్రకటించి, వెనక తలుపుకి గడియ వేయిస్తాడు. ఇన్ని చేస్తూ వేదిక మీద శాలువాలు వరసలో ఉన్నాయో లేదో కంటితోనే లెక్కేస్తాడు. వక్తలు నాయకత్వ లక్షణాల మీద మాట్లాడుతుంటారు. వాళ్ల మైకు తీగ ఊడకుండా అతను కాలితో తొక్కిపెట్టి నిలబడి ఉంటాడు.

హెన్రీ మింట్జ్‌బర్గ్ అని కెనడా ఆచార్యుడు ఒకాయన ఉన్నాడు. మేనేజర్లు ప్రశాంతంగా కూర్చుని ప్రణాళికలు వేస్తారన్న పుస్తకాల మాట నమ్మక, ఐదుగురు సంస్థాధిపతుల రోజువారీ పనిని దగ్గరుండి గమనించాడు. వాళ్లు చేసే పనుల్లో సగం తొమ్మిది నిమిషాలు కూడా పట్టనివేనని తేల్చాడు. ఎప్పుడూ ఎవరో పిలుస్తుంటారు, ఏదో తెగుతుంటుంది, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి దూకడమే వాళ్ల ఉద్యోగం. దాన్నుంచే మేనేజర్‌కి పది పాత్రలని 1973లో పుస్తకం రాశాడు. మా కోఆర్డినేటర్‌కి తొమ్మిది నిమిషాలు ఒకే పని మీద దొరికితే అది సెలవు కిందే లెక్క.

ఆ పది పాత్రలూ మిడ్ పరీక్షలో వచ్చాయి. అతను రాసిన జవాబు ఇది: మేనేజర్ అనేవాడు అందరికీ ఫోన్ చెయ్యాలి, ఎవరికి కోపమొచ్చిందో ముందే కనుక్కోవాలి, డబ్బులు లేనప్పుడు ఉన్నట్టు, ఉన్నప్పుడు లేనట్టు కనపడాలి, చివరికి తప్పు టెంట్ హౌస్ మీదికి తొయ్యాలి. ఐదుకి ఒకటిన్నర వేశాను. ఇంటర్‌పర్సనల్, ఇన్ఫర్మేషనల్, డెసిషనల్ అన్న మూడు ముక్కలు ఎక్కడా లేవు మరి. పది పాత్రలూ వరస తప్పకుండా రాసిన ఇంకో అబ్బాయికి ఐదుకి ఐదు వచ్చాయి. ఆ అబ్బాయికి రక్తదాన శిబిరంలో బిస్కెట్లు పంచే పని అప్పజెబితే, ఎవరికి ముందివ్వాలో తేల్చుకోలేక ప్యాకెట్లు పట్టుకుని సాయంత్రం దాకా అలాగే నిలబడ్డాడు.

ఇంత చెప్పానని అతన్ని నేను ఆరాధిస్తున్నట్టు అనుకోవద్దు. తరగతి బయట నేర్చుకునేదంతా మంచిదే అన్నవాళ్లు తరగతి బయట ఎక్కువగా తిరిగి ఉండరు. పని చెయ్యడమూ, పని అయినట్టు ఫోటో దిగడమూ ఒకటేనని కూడా అతను అక్కడే నేర్చుకున్నాడు. బిల్లు తర్వాత ఇస్తాననడం, 'ఇతర ఖర్చులు' అన్న పద్దు కింద ఏ రంధ్రమైనా పూడుతుందనడం, ఇవీ అక్కడివే.

ఆ పద్దు దగ్గర అతన్ని ఆపే మనిషి ఒకరుంటారు, ట్రెజరర్ అమ్మాయి. రోజూ క్లాసుకి వస్తుంది. మీట్ జరిగినన్నాళ్లూ క్యాష్ బాక్సు పక్కనే కూర్చుని నోట్సు రాసుకుంటుంది. ఆటో ఖర్చు నూట యాభై అని అతనంటే, "ఎక్కడ్నుంచి ఎక్కడిదాకా అన్నా?" అని అడుగుతుంది. 'అన్నా' అన్నదాంట్లో గౌరవానికేం లోటుండదు, డబ్బు మాత్రం రాదు. స్పాన్సర్లకి ధన్యవాద పత్రాలు, టెంట్ హౌస్ బాకీ, గెలిచినవాళ్ల సర్టిఫికెట్లలో పేర్ల స్పెల్లింగులు, అన్నీ ఆమే చూసుకుంటుంది. గ్రూప్ ఫోటోలో ఉండదు, ఎందుకంటే ఆ సమయానికి మిగిలిన శాలువాలు లెక్కపెడుతుంటుంది. నాకొక కంపెనీ ఉంటే ముందు ఆమెని తీసుకుంటాను, తర్వాత అతన్ని ఆమె కింద వేస్తాను.

ప్లేస్‌మెంట్ల రోజున కూడా కోఆర్డినేటర్ అతనే. హెచ్‌ఆర్ వాళ్లకి గది, భోజనం, ఫోన్ ఛార్జరు, మజ్జిగ. అందరి పేర్లూ పిలిచి లోపలికి పంపిస్తాడు. తన పేరొచ్చినప్పుడు పెరుగు ప్యాకెట్ల కోసం బయటికెళ్లి ఉంటాడు. మొన్నటి బ్యాచ్ మహానుభావుడు మాత్రం సాయంత్రం హెచ్‌ఆర్ వాళ్లని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపడానికి కారెక్కి, దిగేలోపు సేల్స్ ఉద్యోగం సంపాదించాడు. చేరడానికి పాసయిన మెమో కావాలన్నారట. 'మేనేజ్‌మెంట్ అండ్ ఆర్గనైజేషనల్ బిహేవియర్' అతనికి ఇంకా సప్లిమెంటరీలోనే ఉంది. "అయిపోతది సార్" అన్నాడు.

కాలేజీల చుట్టుపక్కల దుకాణాలున్న పెద్దలకి ఒక మనవి. సంక్రాంతి వెళ్లాక రెండు ట్యాగుల కుర్రాడు బ్రోచరు పట్టుకుని వస్తాడు. లక్ష అన్న అంకె చూసి కంగారుపడకండి, పదిహేను వందల దగ్గర బేరం మొదలుపెట్టండి. కసురుకుని పంపెయ్యకండి, ఆ పూట అతనికి క్లాసు మీ దుకాణంలోనే. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. రసీదు మీద ట్రెజరర్ సంతకం ఉందో లేదో చూసుకోండి.